చెవితో ఎంచిన ఎమ్యులేటర్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఆకాశం నుంచి నిప్పులు కురుస్తాయి. విమానాలు వరసపెట్టి కూలిపోతాయి. ఒక వీరుడు చేతిలో కర్రతో భూమి కడుపులోకి దిగి, తన మనుషుల ప్రాణాలను చీకట్లోంచి వెలుగులోకి తీసుకొస్తాడు. చివరికి తన ఆయుధాన్ని తానే కింద పెడతాడు.

అంత ఆశ పెట్టుకోకండి. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండే ఒక మైనింగ్ సర్దార్, ఇంట్లో కంప్యూటర్ మీద పాత వీడియో గేమ్ ఆగకుండా ఆడుకోవడానికి ఏ ఎమ్యులేటర్ మంచిదో తేల్చుకున్న వైనం ఇది. విమానాలు కూలిన మాట మాత్రం నిజం. అవన్నీ ఆయనవే.

మొన్న బస్సు దిగి చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడితే, కొత్త రాష్ట్రానికి స్వాగతం పలుకుతున్న ఫ్లెక్సీల మధ్య ఇరుక్కుని ఆయన ఫ్లెక్సీ కనిపించింది. పైన శ్రద్ధాంజలి అని, కింద ఇంటిల్లిపాది పేర్లు. ఫోటోలో ఏదో తేడాగా ఉంది. కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆయన ఏ ఫోటోలోనూ తల నిటారుగా పెట్టడు. కుడి చెవి కాస్త పైకెత్తి, పైకప్పు ఏదో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు వంచి ఉంటాడు. ఫ్లెక్సీ కొట్టినవాడు ఫోటో వంకరగా వచ్చిందనుకుని దాన్నే తిప్పి సరిచేశాడు. తల నిటారైంది. వెనకున్న తలుపు మాత్రం ఒరిగి, మీద పడబోతున్నట్టుంది. ఆయనే గనక ఉండి ఉంటే ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డ అందర్నీ పక్కకు జరగమనేవాడు.

మా క్వార్టర్ల లైన్‌లో అందరికీ ఆయన సర్దార్. నాకు మాత్రం 'కాక', అంటే చిన్నాన్న వరస. పేరుతో పిలిచినవాళ్ళు బహుశా జీతం ఇచ్చే గుమస్తాలే.

మైనింగ్ సర్దార్ అంటే బాయిలో ఒక షిఫ్టులో తనకింద పనిచేసేవాళ్ళ క్షేమం చూసుకోవాల్సిన మనిషి. మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. పని మొదలయ్యే ముందు సర్దార్ అందరికన్నా ముందు వెళ్ళి, కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది. డొప్పుమంటే లోపల పొర విడిపోయి డొల్ల పడ్డట్టు. అప్పుడు కింద ఎవరూ నిలబడకూడదు. దానికి చట్టముంది, సర్టిఫికెట్ ఉంది, పరీక్ష ఉంది. కానీ చీకట్లో ఆ క్షణాన ఉండేది చెవి ఒక్కటే. తన కింద పనిచేసినవాళ్ళ తలమీద గులకరాయి కూడా పడలేదని కాక చెప్పుకునేవాడు. కప్పు కింద దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ రాజయ్య మామ ఆయన పక్కనే కూర్చుని, "గులకరాయి పడ్డదన్నా. నాకే పడ్డది. నువ్వే చెప్పద్దంటివి" అనేవాడు.

కాకకు పొలం లేదు, ప్లాటు లేదు, ఏ సంఘంలోనూ పలుకుబడి లేదు. పోగొట్టుకోవడానికి ఉన్నది ఆ చెవి ఒక్కటే. దాన్ని మాత్రం దాచుకోకుండా ఊరంతటికీ చూపించేవాడు.

కొట్టి చూడటం డ్యూటీతో ఆగేది కాదు. పుచ్చకాయను అందరూ కొడతారు. ఆయన కూర్చునే ముందు కుర్చీని, ఎక్కే ముందు బస్సును కూడా కొట్టేవాడు. పెద్దబిడ్డ పెళ్ళిచూపులకు గోలేటి నుంచి పెళ్ళికొడుకు వస్తే, లోపలికి తీసుకొస్తున్నట్టుగా అతని వీపు మీద ఒక్కటి చరిచి తల వంచి విన్నాడు.

"ఏమంటాంది?" అని ఆయన భార్య, మా చిన్నమ్మ, వంటింటి తలుపు వెనక నుంచి గుసగుసగా అడిగింది.

"గట్టిగనే ఉన్నడు" అన్నాడు.

సంబంధం ఖాయమైంది. నేను డిగ్రీ చదువుతూ, కంప్యూటర్లు విప్పి బిగించడం నేర్చుకుని, లైన్‌లో కొంచెం పేరు తెచ్చుకుంటున్న రోజులవి. ఒకసారి నా తల మీద రెండు వేళ్ళతో తట్టి, చాలాసేపు విని, "జాగ ఉన్నది" అన్నాడు. దాన్ని నేను ఇప్పటికీ ప్రశంస కిందే లెక్కేసుకుంటున్నాను.

పెళ్ళి తరువాత ఆ ఇంట్లో ఒక కంప్యూటర్ మిగిలిపోయింది. పెద్దబిడ్డ కోర్సు కోసం కొన్నది. అది అత్తగారింటికి పోలేదు. చిన్నమ్మ పాత చీర ముక్కతో దానికి ముసుగు కుట్టి, దసరాకు బొట్టు పెట్టి, మిగతా ఏడాదంతా దాని మీద మడతపెట్టిన బట్టలు పెట్టేది. ఒకరోజు ఫస్ట్ షిఫ్టు చేసుకుని వచ్చిన కాక బట్టలు పక్కకు నెట్టి, ముసుగు తీసి, నాకు కబురు పెట్టాడు.

"అరేయ్ ఇంజినీరూ, ఇండ్ల పాత డబ్బా ఆట పెట్టవస్తదా?"

నేను ఇంజినీరును కాను. ఆ సంగతి ఆయనకు అడ్డం రాలేదు.

"ఏ డబ్బా ఆట కాక?"

"టాకీసు పక్కపొంటి ఉంటుండె చూడు. విమానం ఆట. బిళ్ళ ఏస్తే లేస్తుండె."

ఆ వీడియో గేమ్ పార్లర్ నాకు చిన్నతనంలో బయటినుంచి తెలుసు. లోపల నిలువెత్తు చెక్క పెట్టెలు, వాటికి గాజు ముఖాలు. బడిపిల్లల కంటే బాయి నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. మెడ దాకా బొగ్గు, చంకలో టిఫిన్ డబ్బా, కళ్ళు మాత్రం తెల్లగా. ఒక్కొక్కరు విమానం పుల్ల పట్టుకుని, ఇంటికి పోయే ముందు కాసేపు ఆకాశంలో తిరిగి పోయేవారు. నేను డిగ్రీకి వచ్చేసరికి పార్లర్ పోయి అక్కడ సెల్‌ఫోన్ దుకాణం వచ్చింది.

"గా ఆటనే ఎందుకు కాక? కొత్తయి శాన ఉన్నయి."

"బాయిల మీదికెల్లి పడేది కనపడదురా. అండ్ల పడేది కనపడతది. కనపడ్డంక తప్పించుకోవచ్చు."

ఆ మాట నాకు వేదాంతంలా వినిపించింది. ఆయన ఆడటం చూశాక తేరుకున్నాను. కనపడ్డవాటికే ఎదురెళ్ళి తగిలించుకునేవాడు.

ఎమ్యులేటర్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. పాత ఆట ఆ చెక్కపెట్టెలో ఉండే చిప్పులకోసం రాసింది. ఇంట్లో కంప్యూటర్‌కు ఆ భాష రాదు. కంప్యూటర్ చేత ఆ చెక్కపెట్టె వేషం వేయించే సాఫ్ట్‌వేరే ఎమ్యులేటర్. వేషం ఎంత అచ్చంగా వేయాలంటే కంప్యూటర్‌కు అంత శ్రమ. కాక ఇంట్లో ఉన్న కంప్యూటర్ శ్రమకు పుట్టింది కాదు. పైగా వేషగాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరిని పెట్టుకోవాలన్నది ప్రశ్న.

నేనైతే ఒక్క సాయంత్రంలో తేల్చేసేవాణ్ణి. కాక దాన్ని ఎండాకాలం నుంచి చలికాలం దాకా నడిపాడు.

ఆయన పద్ధతి ఆయనది. స్క్రీన్ వైపు చూసేవాడు కాదు. రాజయ్య మామ చేత ఆడించి, తాను మంచం మీద కళ్ళు మూసుకుని, తల వంచి స్పీకర్లు వినేవాడు. "బొమ్మ మోసం చేస్తది. చప్పుడు చెయ్యది" అనేవాడు. మొదట నవ్వుకున్నాను. తరువాత చూస్తే నిజంగా అంతే. కంప్యూటర్ ఆటను మోయలేకపోతున్నప్పుడు బొమ్మ తడబడటం మన కంటికి అందే లోపలే శబ్దం పగులుతుంది. ఈ సంగతి ఆయన కనిపెట్టాడని నేను అనను. అన్నిటినీ అలాగే వినేవాడు కాబట్టి దీన్నీ విన్నాడు. పుచ్చకాయ విషయంలో ఆయన చాలాసార్లు తప్పాడు కూడా.

రెండో నియమం, పరీక్ష మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకే జరగాలి. మా క్వార్టర్లలో కరెంటుకు బిల్లు లేదు. కాబట్టి లైన్ మొత్తం హీటర్ల మీదే వండుతుంది. ఫస్ట్ షిఫ్టువాళ్ళు ఇళ్ళకు చేరే సమయానికి ప్రతి ఇంట్లో స్నానానికి నీళ్ళు, తినడానికి కూర ఒకేసారి హీటరెక్కుతాయి. అప్పుడు కరెంటు పలచబడి, మానిటర్‌లో బొమ్మ నాలుగు పక్కల నుంచీ ముడుచుకుంటుంది. వేరే వేళల్లో చూద్దామని నేను ఎంత చెప్పినా వినలేదు.

"పరీక్ష పని జాగల చెయ్యాలె. చల్లగున్నప్పుడు అన్నీ మంచిగనే నడుస్తయి" అనేవాడు. ఆ రోజు లైన్‌లో హీటర్లు చాలినన్ని పెట్టలేదని అనుమానమొస్తే వంటింటివైపు తిరిగి కేకేసేవాడు. "ఏమే, హీటర్ పెట్టు!"

"ఏం వండాలె?"

"ఏం వద్దు, పెట్టు!"

చిన్నమ్మ ఖాళీ గిన్నె పెట్టలేక, ఆ ఎండాకాలమంతా మాకు చాయ్ పోసింది.

మొదట పెట్టిన ఎమ్యులేటర్ అన్నిటికన్నా పెద్దది. వేల ఆటలు దానికి తెలుసు. ఒక్కో చిప్పును పొల్లుపోకుండా అనుకరిస్తుంది. కాక దానికి ఆఫీసర్ అని పేరు పెట్టాడు. అన్నీ తెలుసు, జాగ నుంచి కదలదు అని. విమానం లేచింది, రెండు బాంబులు పేలాయి, స్పీకర్లలోంచి ఫట్‌ఫట్‌మని మోటుగా పగులుతున్న శబ్దం వచ్చింది. కంప్యూటర్ అలిసిపోతోందని నేను చెప్పబోయేంతలో మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న మనిషి గాల్లోకి లేచాడు.

"నడువుండ్రి! బయటికి నడువుండ్రి!"

ఒక చేత్తో నా కాలర్, ఇంకో చేత్తో రాజయ్య మామ భుజం. ఏం జరిగిందో తెలిసేసరికి ముగ్గురం వాకిట్లో, వేపచెట్టు కింద ఉన్నాం. నా చాయ్ గ్లాసు లోపలే బలైంది. రాజయ్య మామ ముఖంలో ఆశ్చర్యం లేదు. బాయిలో దుంగలు అలా పగిలినట్టు మూలిగితే కప్పు దిగుతోందని అర్థం. అడక్కుండా జరగడం అతనికి ఏళ్ళ అలవాటు.

"కాక, అది స్పీకర్" అన్నాను.

"చప్పుడు చప్పుడే. పగిలినట్టు వస్తే జరగాలె. అడుగుకుంట నిలబడ్డోన్ని మోసుకరావాలె."

"ఇంటి మీద స్లాబ్ ఉన్నది కాక."

"స్లాబ్ ఎవడు ఏసిండో నీకెరుకనా?"

నాకు తెలియదు. ఆ తరువాత కొంతసేపు నేనూ స్లాబు వైపే చూశాను. చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాయిల బతికిచ్చుడు సాల్తలేదు. ఇగ డబ్బాల నుంచి బతికిస్తాండు మనల్ని" అంది. కాక ఆమెను పట్టించుకోకుండా కాస్త ఆగి, ముందు తానొక్కడే లోపలికి వెళ్ళి, మానిటర్‌ను తట్టి, కేబినెట్‌ను తట్టి, గోడను తట్టి, అప్పుడు మమ్మల్ని రమ్మన్నాడు.

పొరపాటని తెలిసీ ఆయన ఆ అలవాటు మానలేదు. స్పీకర్ పగిలినప్పుడల్లా ఇల్లు ఖాళీ చేయించేవాడు. ఒళ్ళు ఒకసారి ఆలోచించడం మొదలుపెడితే బాయిలో కూడా ఆలోచిస్తుంది, అది మంచిది కాదు అనేవాడు. వానలు పడేసరికి మేమందరం తయారైపోయాం. పగిలిన శబ్దం వస్తే ఎవరూ చెప్పకుండానే వేపచెట్టు కింద తేలేవాళ్ళం. చిన్నమ్మ పెరటి తలుపు నుంచి గరిటెతో సహా వచ్చేసేది. పక్క క్వార్టర్‌వాళ్ళకు మొదట్లో భయం వేసింది. తరువాత కుర్చీలేసుకుని చూడటం మొదలుపెట్టారు.

రెండో ఎమ్యులేటర్ చిన్నది. కొన్ని ఆటలే తెలుసు కానీ గాలిలా పోతుంది. ఇదే ఖాయమనుకున్నాను. కాక కళ్ళు మూసుకుని విని, "రాజయ్యా, ఇప్పుడు ఓడ పేలిందా?" అన్నాడు.

"పేలిందన్నా."

"చప్పుడేది?"

మళ్ళీ ఆడించి చూస్తే నిజమే. పని తొందరగా ముగించడానికి ఆ ఎమ్యులేటర్ కొన్ని పేలుళ్ళ శబ్దాన్ని దిగమింగుతోంది. దానికి కాంట్రాక్టర్ అని పేరొచ్చింది. "పేలితే పేలిందని చెప్పాలె. చెప్పకుంట నడిపిచ్చేది జల్ది పోతే ఏంది, జల్ది పోకపోతే ఏంది" అని తీసేయించాడు. మూడోది అన్నిటికన్నా వేగమైంది. నల్లటి స్క్రీన్ మీద ఆజ్ఞలు టైప్ చేస్తే నడుస్తుంది. కానీ సౌండ్ కార్డును గుర్తుపట్టలేదు. మూగది. కాక దాన్ని పరీక్షకే ఒప్పుకోలేదు. మూగదాని కింద మనుషుల్ని నిలబెట్టనన్నాడు. మేం ఆడేది విమానాల ఆట అని ఎవరూ గుర్తుచేయలేదు.

చివరికి నాకు ఒక పాత సీడీలో ఆ ఆఫీసర్‌దే పాత వెర్షన్ దొరికింది. ఇంకా ప్రమోషన్లు రాకముందుది. కాస్త తేలిగ్గా ఉంది. పెట్టి చూస్తే మోటు పగుళ్ళు పోయాయి. కాక రెండు మూడు రోజులు విని, హీటర్లు పెట్టించి, ఇంక ఇదే ఖాయమన్నాడు. తానే స్వయంగా కీబోర్డు ముందు కూర్చున్నాడు. రాజయ్య మామా నేనూ వెనక మంచం మీద. చిన్నమ్మ వంటింట్లో. బయట ముసురు.

మొదటి స్టేజీ దాటాడు. రెండో స్టేజీలో పెద్ద ఓడ వచ్చి ఒకేసారి పదిదిక్కులా తూటాలు వదిలింది. అప్పుడు స్పీకర్లలో సన్నగా చిటచిట మొదలైంది. మూకుడులో ఆవాలు చిట్లుతున్నట్టు, అంతే. రాజయ్య మామ లేచి వెళ్ళిపోయాడు. నేను అతని వెనకే. చిన్నమ్మ అప్పటికే చెట్టు కింద ఉంది.

కాక రాలేదు.

కిటికీలోంచి చూశాం. వీపు మాకు కనిపిస్తోంది. ఒళ్ళంతా విమానంతోపాటు కుడికీ ఎడమకీ ఊగుతోంది. చిటచిట ఆగలేదు. ఆయన మాట్లాడుతున్నాడు.

"చూసినవా రాజయ్యా, ఎట్ల పోతాందో. నేను చెప్పలే? ఒక్క పగులు లేదు. నీళ్ళ తీరుగ పోతాంది. ఏమంటవ్ ఇంజినీరూ?"

"ఏంరా, నోరు పడిపోయిందా?" అని వెనక్కి తిరిగాడు. ఖాళీ మంచం చూశాడు. వంటింటి గుమ్మం చూశాడు. తరువాత కిటికీ చూశాడు. అందులో మా మూడు ముఖాలున్నాయి.

నేను చాలా నాటకాలు చూశాను. చాలావాటికి నవ్వాను. అప్పుడు మాత్రం నవ్వడానికి ఏమీ దొరకలేదు. స్క్రీన్ మీద విమానం పేలిపోయింది, ఎవరూ చూడలేదు.

"పగిలిందా?" అన్నాడు.

"లేదన్నా, చుట్ట తాగుదామని బయటికొచ్చినం" అన్నాడు రాజయ్య మామ. అతను జీవితంలో చుట్ట ముట్టలేదు. పైగా వాన పడుతోంది.

"పగిలింది" అంది చిన్నమ్మ.

"ఎప్పుడు?"

"శానసేపాయె."

లోపలికి వెళ్ళాం. ఆయన మళ్ళీ అదే చోటుకు ఆడించమన్నాడు. స్పీకర్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు కుడి చెవి, తరువాత ఎడమ చెవి. రాజయ్య మామ ఆడుతుంటే చిన్నమ్మ ముఖం వంక చూశాడు. ఆమె కళ్ళు చిట్లించినప్పుడల్లా అప్పుడేనా అన్నట్టు తలాడించాడు. ఆయనకు పేలుళ్ళు వినిపిస్తున్నాయి, మా మాటలు వినిపిస్తున్నాయి, వాన వినిపిస్తోంది. ఆ సన్నది ఒక్కటే లేదు.

"కాక, స్పీకర్లు పాతయైనయి. తీగ లూజుంటది. అందుకే సక్కగ రాదు" అన్నాను. ఆయనకు ఒక దారి చూపిద్దామని.

"స్పీకర్లు పాతయే. మీరు ముగ్గురు కొత్త చెవులు పెట్టిచ్చుకున్నరా?"

స్పీకర్ పక్కన పెట్టాడు. తరువాత రాజయ్య మామతో అన్నాడు. "మోటు చప్పుడు వినపడ్డంక ఉరుకుడు ఎవలికైనా వస్తది. కప్పు ముందు సన్నగ మాట్లాడతది. గది వినేందుకే కదరా సర్దారు."

"నేను వింట కదన్నా. నేను చెప్త నీకు. ఎవలికి ఎరుక?"

"కప్పుకు ఎరుక."

నిజంగానే ఎవరికీ తెలిసేది కాదు. రిటైర్మెంట్‌కు ఇంకా కొన్నేళ్ళుంది. కర్రతో కొడుతూ, తల వంచుతూ, పక్కన రాజయ్య మామ ముఖం చూసుకుంటూ లాగించేయవచ్చు. ఆయన కొట్టినప్పుడు వినిపించేది మాత్రం ఇంకా బాగానే వినిపిస్తోంది. పోయింది అందులో ఒక పలచని పొర. ఆ పొర లేదని పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఆయన తనను తాను పట్టుకున్నాడు. అది కూడా విమానాల ఆటలో.

మర్నాడు పొద్దున బాయి మీద హాజరు వేసే చోట, తన షిఫ్టువాళ్ళందరినీ నిలబెట్టి ప్రకటించాడని రాజయ్య మామ చెప్పాడు. "ఇయ్యాల్టి సంది నేను మీ మీద కప్పు చూడ. నాకు వినపడ్తలేదు. నా మాట మీద దిగద్దు" అన్నాడట. రాజ్యం వదులుకుంటున్న రాజులా నిలబడ్డాడట. ఇందులో సగమైనా నిజమై ఉంటుంది. అదే సమయంలో నైట్ షిఫ్టువాళ్ళను తీసుకెళ్ళే బస్సు హారన్ కొట్టడంతో వెనక వరస వాళ్ళకు ఏమీ వినపడలేదని కూడా రాజయ్య మామే చెప్పాడు. వాళ్ళకోసం కాక మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. రెండోసారి రాజులా లేడట.

తరువాత అధికారి దగ్గరికి వెళ్ళాడు. దవాఖానలో చెవి పరీక్ష జరిగింది. ఆయన చెప్పిందే వాళ్ళూ చెప్పారు. ఆయన్ను బాయి పైన ల్యాంప్ రూమ్‌లో వేశారు. దిగేవాళ్ళకు టోపీ లైట్లు ఇవ్వడం, వచ్చాక తీసుకోవడం అక్కడ పని.

దీంతో కథ గౌరవంగా ముగియాల్సింది. కానీ మా లైన్ సంగతి మీకు తెలియదు. మా దగ్గర ఒంట్లో బాగున్నవాళ్ళు డాక్టర్ల చేత అన్‌ఫిట్ అని రాయించుకోవడానికి ఎన్ని వేషాలేసేవారో, తమ బదులు కొడుక్కి ఉద్యోగం వస్తుందన్న ఆశతో నడుములు ఎలా పట్టేసేవో, అందరికీ తెలిసిందే. అలాంటివాళ్ళను అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది కాకే. నడుం నొప్పి అన్నవాడి నడుం మీద తట్టి, "గట్టిగనే ఉన్నది, పో డ్యూటీకి" అనేవాడు. ఇప్పుడు వాళ్ళ వంతు వచ్చింది. కాకకు ఇద్దరూ ఆడబిడ్డలే కాబట్టి, అల్లుడికి పెట్టించడానికే ఈ చెవుడు అని తేల్చారు. ఆయన నీళ్ళ నల్లా దగ్గరికి వస్తే వెనక నుంచి, ఎలాగూ వినపడదు కదా అని గట్టిగానే అనేవారు.

ఆ మాటలు ఆయనకు ఒక్కటి కూడా తప్పిపోలేదు. "మోటు మాటలు మంచిగనే వినపడతాన్నయిరా" అన్నాడు నాతో. అదొక్కసారే, ఆ విషయం ఆయన ఎత్తింది. కుర్చీలో కూర్చోబోతూ అన్నాడు. కుర్చీని కొట్టకుండానే కూర్చున్నాడు.

చిన్నమ్మ మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు నల్లా దగ్గర బిందె కింద పెట్టి అందరికీ కలిపి చెప్పింది. "మా అల్లునికి గోలేటిల నౌకరున్నది. మా ఆయనకు చెవి లేదు, మీకు సిగ్గు లేదు. ఎవలికి లేనిది ఆళ్ళు ఒప్పుకుంటె అయిపాయె. మా ఆయన ఒప్పుకున్నడు." బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. కోపంలో నీళ్ళ సంగతి మరిచిపోయినందుకు ఇంటికొచ్చి మా మీద విసుక్కుంది.

ఎగతాళి ఆగడానికి కారణం ఆ ఉపన్యాసం అని చెప్పాలని ఉంది. అసలు కారణం వేరు. ల్యాంప్ రూమ్‌లో కాక ఇచ్చిన లైటు బాయిలో ఆరిపోదు అని నెమ్మదిగా పేరొచ్చింది. ఒక్కో లైటును వెలిగించి, వైరు లాగి, చేతిలో తిప్పి, అప్పుడు గాని ఇచ్చేవాడు కాదు. వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కునేవారు. కానీ ఆయన ఉన్న కిటికీ ముందే వరస కట్టేవారు. ఎగతాళి చేసిన నోళ్ళే, దిగే ముందు "జర నాది చూసియ్యి సర్దార్" అనేవి. సర్దార్ ఉద్యోగం పోయింది. పిలుపు పోలేదు.

ఎమ్యులేటర్ సంగతి మాత్రం తేలలేదు. కంప్యూటర్ మీద మళ్ళీ ముసుగు పడింది, ముసుగు మీద బట్టలు పడ్డాయి. ఆట గురించి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. చలికాలం మొదట్లో ఆయనే అడిగాడు.

"ఇంజినీరూ, మనం పరీక్ష మధ్యల్నే ఇడిసిపెట్టినం. అట్ల ఇడవద్దు. మంచిదో కాదో తేల్చాలె."

"మరి వినేదెవరు కాక?"

"రాజయ్య వింటడు. మీ చిన్నమ్మ వింటది. నేను ఆడ్త."

నాకు అప్పటికి ఒక ఆలోచన ఉంది. కొన్నాళ్ళుగా ఆ పాత వెర్షన్ సెట్టింగులన్నీ తిరగేస్తున్నాను. శబ్దాన్ని ఎంత నాణ్యంగా తయారుచేయాలో చెప్పే చోటొకటి కనిపించింది. దాన్ని తగ్గిస్తే కంప్యూటర్‌కు పని తగ్గుతుంది. కాకపోతే పోయేది పై స్థాయి శబ్దాలు, అంటే సన్నవి. ఆయన ముందు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక, ఏమీ చెప్పకుండా తగ్గించేశాను.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ. చిన్నమ్మ అడక్కుండానే హీటర్ పెట్టింది. కాక కీబోర్డు ముందు. మిగిలిన ఇద్దరూ మంచం మీద తలలు వంచుకుని, ఆయనలాగే. రెండో స్టేజీ వచ్చింది, పెద్ద ఓడ వచ్చింది, తూటాలు పదిదిక్కులా విరిశాయి. ఎవరూ లేవలేదు. విమానం నిజంగానే నీళ్ళలా జారిపోతోంది.

"పగులుతాందా?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"లేదన్నా" అన్నాడు రాజయ్య మామ. "కాకుంటే చప్పుడు దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టున్నది. సన్నటియి ఏం వస్తలేవు."

కాక చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "నాకు ఎప్పటి తీరుగనే ఉన్నది" అన్నాడు.

నేను చేసిన పని ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది. మెల్లగా నా వైపు తిరిగాడు. ముఖంలో ఏమీ కనిపించలేదు. నా తలమీద రెండు వేళ్ళతో తట్టి, వినకుండానే, పగలబడి నవ్వాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు, చూసినా చెప్పను.

"అంటే ఇప్పుడు మనందరం ఒక్కటే వింటానమన్నట్టు" అన్నాడు కాక. "ఇగ ఇదే ఖాయం." స్క్రీన్ వైపు తిరిగేసరికి ఆయన విమానం ఎప్పుడో పేలిపోయి, ఆట అయిపోయిందని అక్షరాలు వెలుగుతున్నాయి. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేదాకా ఆ ఎమ్యులేటరే వాడాడు. రెండో స్టేజీ ఒక్కసారి కూడా దాటలేదు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళకు ఇందులో పనికొచ్చేది ఇంతే. సౌండ్ సెట్టింగుల్లో శాంపిల్ రేట్ అనే చోట నలభై నాలుగు వేల చిల్లర ఉంటుంది, దాన్ని పదకొండు వేల చిల్లరకు దించాలి. దించాక ప్రోగ్రామ్‌ను ఒకసారి మూసి మళ్ళీ తెరవాలి. తెరవకపోతే మార్పు పట్టదు.